ఏకాంతం లేని ఒంటరితనం: దీర్ఘకాల అంతరిక్షయానం, తెలుగు కథనంలో నడిమి రోజులు

కాణిపాకం స్థలపురాణంలో ముగ్గురు అన్నదమ్ములు కనిపిస్తారు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. ముగ్గురికీ కలిపి ఉన్నది కాణి మడి, ఒక బావి, ఒక ఏతం. బావి ఎండిపోతే లోపలికి దిగి తవ్వారు. పార రాతికి తగిలింది, నెత్తురు ఊరింది, ఆ నీరు సోకి ముగ్గురి లోపాలూ తొలగిపోయాయి, వినాయకుడు స్వయంభువుగా వెలిశాడు. చిత్తూరు ప్రాంతంలో పిల్లలకు సైతం తెలిసిన ఈ కథలో నిర్మాణపరమైన విశేషం ఒకటి ఉంది. కథ మొదలైన రెండు మూడు వాక్యాలకే పార రాతికి తగులుతుంది. అంతకు ముందు ఆ ముగ్గురూ ఎట్లా బతికారన్నది పురాణం చెప్పదు. మాట లేనివాడు చూపు లేనివాడికి బావిలో నీరు తగ్గిందని ఏ తాకుడుతో తెలియజేశాడో, ఒకరు ఏతం మీద నడుస్తుంటే కిందివారు ఏ గుర్తుతో బొక్కెన వంచారో, ఒకరి మీద ఒకరికి విసుగు పుట్టిన రోజున ఆ విసుగు ఎటు పోయిందో కథకు పట్టలేదు. పట్టకపోవడం దాని లోపమూ కాదు. మహిమను చెప్పడానికి పుట్టిన కథలో దినచర్యకు చోటుండదు.

అయితే ఇదే నిర్మాణం మహిమతో సంబంధం లేని విషయాన్ని చెప్పేటప్పుడు కూడా కొనసాగితే విమర్శ దానిని పట్టించుకోవలసి ఉంటుంది. తెలుగులో అంతరిక్షయానం గురించిన కథనం అటువంటిది. అందులో ప్రయోగం ఉంటుంది, తిరిగిరాక ఉంటుంది. నడుమ గడిచిన రోజులుండవు. దీర్ఘకాల యాత్రలో మనిషి మనసుకు జరిగే నష్టమంతా జరిగేది ఆ నడిమి రోజులలోనే. ఆ రోజులను చెప్పే శక్తి తెలుగు కథన సంప్రదాయానికి లేదా, ఉండీ ఆ వైపు తిరగలేదా అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

శ్రీహరికోట 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో, ఆ తరువాత తిరుపతి జిల్లాలో ఉంది. ప్రయోగానికి ముందు వాహననౌక నమూనాను తిరుమల శ్రీవారి పాదాల చెంత, సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడిలో ఉంచి పూజ చేయించడం, మరునాడు నింగికెగసిన నిప్పుల చిత్రం, ఆపైన అభినందనలు: ఈ ప్రాంతపు పాఠకుడికి అంతరిక్షం చేరేది ఈ మూడు ఘట్టాలతోనే. ఉపగ్రహం విషయంలో ఇది సరిపోతుంది. ఉపగ్రహానికి నిద్ర పట్టకపోవడం ఉండదు. మనిషి వెళ్లినప్పుడు కూడా ఇదే మూస వాడుతున్నారు. తెలంగాణ మూలాలున్న రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు 177 రోజులు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గడిపారు. ఆయన తండ్రి ఊరు, ఆయన చదువు, ఆయన హోదా తెలుగు పాఠకులకు తెలిశాయి. నూరో రోజు ఎట్లా గడిచిందో తెలియలేదు. నండూరి రామమోహనరావు, మహీధర నళినీమోహన్ వంటివారు విజ్ఞానాన్ని తెలుగు వచనంలోకి తెచ్చిన తీరు అపురూపమైనదే. కాని వారు తీసుకున్న వస్తువు విశ్వం. అందులో చిక్కుకున్న మనిషి మనసు కాదు.

ఆ నడిమి రోజులలో ఏం జరుగుతుందో తెలిపే ఆధారాలు తక్కువేమీ కావు. 1982లో సాల్యూత్-7 కేంద్రంలో అనతోలీ బెరెజొవోయ్‌తో కలిసి 211 రోజులు ఉన్న వాలెంతీన్ లెబెదెవ్ దినచర్య రాశాడు. అది తరువాత పుస్తకంగా వచ్చింది. ఇద్దరి మధ్య పెరిగిన చిరాకు, పేరుకున్న మౌనం అందులో దాగలేదు. కేంద్రంలో పెంచిన మొక్కలను చూసుకోవడంలో అతనికి దొరికిన ఊరట కూడా దాగలేదు. 1994-95లో వలేరీ పొల్యకోవ్ మీర్ కేంద్రంలో 437 రోజులు గడిపాడు. ఒకే యాత్రలో అంతకాలం అంతరిక్షంలో ఉన్నవారు ఇంతవరకు మరొకరు లేరు. 2010 జూన్ నుంచి 2011 నవంబరు వరకు మాస్కోలో ఆరుగురిని 520 రోజులు మూసిన గదులలో ఉంచి కుజగ్రహయాత్రను భూమి మీదనే అనుకరించారు. వారిలో కొందరి నిద్ర చెదిరింది. కదలికలు తగ్గాయి. ఒకరిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. ఇద్దరు మాత్రం పెద్ద ఇబ్బంది లేకుండా గడిపారు. తమలో తాము పడిన ఘర్షణల కన్నా బయటి నియంత్రణ కేంద్రంతో పడినవి ఎక్కువని పరిశోధకులు నమోదు చేశారు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఏమిటో తెలిసిన భాషకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు. లోపల ఉన్నవారితో రేపు కూడా అదే బల్ల దగ్గర అన్నం తినాలి. బయటివారి మీద కోపగించుకోవడం సులువు.

గడువులో సగం దాటిన తరువాత, మూడవ పాదంలో మనోబలం సన్నగిల్లుతుందని 1991లో ఒక ప్రతిపాదన వచ్చింది. ధ్రువప్రాంత శిబిరాల అనుభవం దానికి ఆధారం. తరువాతి అధ్యయనాలన్నీ దానిని సమర్థించలేదు. అయినా ఆ ప్రతిపాదన కథనశాస్త్రానికి ఒక మంచి ప్రశ్న ఇచ్చింది. మొదటి రోజుల వింత తీరిపోయి, చివరి రోజు ఇంకా కనిపించని కాలాన్ని ఎట్లా చెప్పాలి? సంఘటన లేని కాలాన్ని చెప్పలేకపోతే కథకులు సంఘటనను కల్పిస్తారు. 1973-74లో స్కైలాబ్ చివరి బృందం 84 రోజులు గడిపింది. పనిభారం మీద వారికీ నియంత్రణ కేంద్రానికీ జరిగిన సంభాషణ, దాని ఫలితంగా సడలిన దినక్రమం లోకంలో 'సమ్మె' అన్న కథగా స్థిరపడ్డాయి. సమ్మె జరగలేదు. వారాల తరబడి కూడిన అలసట ఉంది, చెప్పుకోవడానికి ఆలస్యమైన బాధ ఉంది. తిరుగుబాటు అయితే కథ అవుతుంది, అలసట కాదన్న నమ్మకమే ఆ పుకారుకు ప్రాణం పోసింది.

తెలుగులో ఈ విషయాన్ని చెప్పబోయేవారికి మొదట ఎదురయ్యే అడ్డంకి మాటలోనే ఉంది. అంతరిక్షంలోని వేరుపాటును తరచుగా 'ఏకాంతం' అంటున్నారు. తెలుగువారి అనుభవంలో ఏకాంతం కోరుకునేది, అరుదుగా దొరికేది. తిరుమలలో రాత్రి చిట్టచివరి సేవ పేరు ఏకాంత సేవ. పగలంతా లక్షల కళ్ల ఎదుట నిలిచిన దేవుడికి కూడా రాత్రి కాసింత ఏకాంతం కావాలన్నది అందులోని భావన. 1950లో చలం అరుణాచలం వెళ్లిపోవడాన్ని కూడా సాహిత్యలోకం ఈ మాటతోనే అర్థం చేసుకున్నది. వ్యోమనౌకలో ఉన్నది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్థితి. అక్కడ లోకం దూరమవుతుంది కాని తోటివారు దూరం కారు. తలుపు వేసుకుని కూర్చోవడానికి మంచమంత గూడు తప్ప చోటు లేదు. మాట్లాడిన మాట నియంత్రణ కేంద్రం వింటుంది. గుండె కొట్టుకునే తీరును కూడా భూమి మీద ఎవరో చూస్తూ ఉంటారు. అది ఏకాంతం లేని ఒంటరితనం. దానిని ఏకాంతమనడంతో ఒక ప్రమాదం వస్తోంది. ఏకాంతం వెంట తపస్సు వస్తుంది, తపస్సు వెంట వ్యోమగామి యోగి అయిపోతాడు. యోగికి విసుగు రాకూడదు, ఏడుపు రాకూడదు, పక్కవాడు నమిలే చప్పుడు భరించలేనిది కాకూడదు. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షంలో చేసిన యోగాభ్యాసం ఒక శాస్త్రీయ ప్రయోగం. శరీరం మీద దాని ప్రభావాన్ని కొలవడం ఉద్దేశం. ప్రచారంలో అది సాధకుడి చిత్రంగా మారిపోయింది. గౌరవంగానే కనిపించే ఈ చిత్రం బాధ చెప్పుకునే దారిని మూసివేస్తుంది.

ఇంతకన్నా సరైన పోలిక తెలుగు కావ్యంలో ఉంది. అది తపస్సు కాదు, అజ్ఞాతవాసం. తిక్కన విరాటపర్వం ఈ దృష్టితో చదవదగినది. ఆయన నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానంలోనివాడు. శ్రీహరికోట నిన్నమొన్నటి దాకా ఆ నెల్లూరు పేరుతోనే ఉండడం కేవలం యాదృచ్ఛికం, దానికి అర్థం వెతకనక్కరలేదు. అజ్ఞాతవాసానికి గడువు కచ్చితంగా ఒక సంవత్సరం. బృందంలో ఆరుగురు. ప్రతివారికీ ఒక పని అప్పగింపు ఉంది: జూదం, వంట, నాట్యం, గుర్రాలు, గోవులు, సైరంధ్రి కొలువు. అందరూ ఒకే నగరంలో ఉన్నారు, ఒకరినొకరు రోజూ చూస్తారు, ఒకరినొకరు పలకరించుకోలేరు. నియమం తప్పితే యాత్ర మొత్తం వ్యర్థమై మళ్లీ పన్నెండేళ్ల అరణ్యం. దగ్గరి వారి మధ్యనే ఉంటూ మనసులోని మాట చెప్పుకోలేని స్థితిని ఇంత నిర్దిష్టంగా కల్పించిన కథ తెలుగులో మరొకటి లేదు.

కీచకుడి ప్రస్తావన వచ్చే కాలం కూడా గమనార్హం. వ్యాసభారతంలో అప్పటికి పది నెలలు గడిచాయి. అంటే మొదటి భయం తీరింది, గడువు ఇంకా ముగియలేదు. ద్రౌపది సభలో తన్నులు తిన్నప్పుడు ఆమె భర్తలిద్దరు అక్కడే ఉన్నారు. భీముడి చూపు చెట్టు మీదికి పోతుంది. కంకుభట్టు వేషంలోని ధర్మరాజు పలికే మాటలకు రెండర్థాలు: సభకు వినిపించేది ఒకటి, తమ్ముడికి తగిలేది మరొకటి. అందరూ వింటున్న మార్గంలో ఒకరికి మాత్రమే చేరవలసిన మాటను పంపడం ఇది. వ్యోమనౌక నుంచి భూమికి సాగే సంభాషణలో నిత్యం జరిగేది ఇదే. ధర్మరాజు తీర్పు వ్యూహపరంగా సరైనదే. అతను నియంత్రణ కేంద్రం లాగా ఆలోచిస్తున్నాడు, గడువును లెక్కిస్తున్నాడు. ద్రౌపదికి ఆ లెక్క అందదు. అందకపోవడానికి కారణం ఆమెకు తెలివి చాలకపోవడం కాదు. గడువు దగ్గరపడిందన్న సమాచారం ఓర్పును పెంచదన్న సత్యం తిక్కనకు తెలుసు. సాధారణంగా విమర్శకులు ఈ ఘట్టాన్ని తిక్కన నాటకీయతకు ఉదాహరణగా తీసుకుంటారు. అది నిజమే కాని దానితో ఆగిపోతే నష్టం. ఇక్కడి నాటకీయత అణచిపెట్టిన నెలల బరువు నుంచి పుట్టింది.

ఆ రాత్రి ద్రౌపది వంటశాలకు వెళ్లి భీముడిని లేపుతుంది. ఈ ఘట్టంలో తిక్కన తొందరపడడు. ఆమె వెంటనే కీచకుడిని చంపమని అడిగి ఊరుకోదు. ధర్మరాజు జూదం దగ్గర నుంచి, ఒక్కొక్క భర్త ఇప్పుడు చేస్తున్న ఊడిగం దాకా, తన చేతులు ఎవరికి గంధం నూరుతున్నాయన్న దాకా చెప్పుకుంటుంది. కథ ముందుకు నడవడానికి ఇంత అవసరం లేదు. ఆ మాటలు పది నెలలు చెప్పకుండా ఉన్నవి కాబట్టి అవసరం. కాణిపాకం కథ వదిలేసిన చోటును తిక్కన నింపిన తీరు ఇది. వినేవాడు కూడా ముఖ్యమే. ఐదుగురిలో ఆమె భీముడి దగ్గరికే ఎందుకు వెళ్లిందంటే, నియమాన్ని గుర్తుచేయకుండా వినేవాడు అతడొక్కడే. అయితే చెప్పుకోవడానికి ఆమె రాత్రిని ఎంచుకోవలసి వచ్చింది, వంటశాలకు దొంగలా నడవవలసి వచ్చింది. ఆ వెలుసుబాటు కల్పించని వ్యవస్థను కావ్యం సమర్థించదు, తప్పుపట్టదు, చూపిస్తుంది. కీచకవధ తరువాత సుధేష్ణ వెళ్లిపొమ్మన్నప్పుడు ఆమె అడిగిన గడువు పదమూడు రోజులు. రోజులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటున్న మనిషి మాత్రమే అంత కచ్చితమైన అంకె చెప్పగలదు.

దీర్ఘయాత్రను ఏ రోజుకారోజు రాసిపెట్టిన తెలుగు గ్రంథం ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర. 1830 మేలో చెన్నపట్నంలో బయలుదేరి తిరుపతి, కడప మార్గాన కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరులో తిరిగి చేరారు. పదిహేను నెలలకు పైబడిన యాత్ర, పొల్యకోవ్ 437 రోజుల కన్నా పొడవైనది. మజిలీలు, నీటివసతి, దారుల తీరు, బోయీల కూలి, ఊళ్ల ఆచారాలు అందులో ఉన్నాయి. తన మనసు తక్కువ. అది ఆ కాలపు మర్యాద. ఐనా గ్రంథం మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసిన ఉత్తరాల రూపంలో పుట్టింది. వినే మనిషి ఒకడున్నాడన్న ఊహ నడిమి రోజులను రాయించింది. అంతకు మించి ఈ గ్రంథం నుంచి ఈ చర్చకు రాబట్టడం బలవంతమే అవుతుంది.

ఆధునిక నవల దగ్గరకు వస్తే, మనోలోకాన్ని వస్తువుగా తీసుకున్న నవలలకు తెలుగులో కొదవ లేదు. గోపీచంద్ సీతారామారావు, బుచ్చిబాబు దయానిధి, నవీన్ 'అంపశయ్య'లోని రవి ముగ్గురూ ఒంటరివారే. కాని వారు నలుగురిలో ఒంటరివారు. వారి వేరుపాటు ఆలోచనలోది. పరిసరం వారిని చంపజూడదు. వ్యోమగామికి బయటి శూన్యం నిజంగానే ప్రాణాంతకం. లోపలి భయాన్నీ బయటి ప్రమాదాన్నీ ఒకేసారి మోయవలసిన మనిషి కోసం మరో నవలను చూడాలి. అది చిత్తూరు జిల్లా నుంచే వచ్చింది: డాక్టర్ కేశవరెడ్డి (1946-2015) 'అతడు అడవిని జయించాడు'.

పందులు కాసే ముసలివాడు, అతనికి పేరు లేదు. ఈనబోయే పంది అడవిలోకి పోయింది. అతను వెతుక్కుంటూ వెళ్లాడు. చీకటి పడింది. పిల్లలు పెట్టిన పంది పెంచినవాడినైనా దగ్గరికి రానివ్వదు. నక్కలు చుట్టూ తిరుగుతుంటాయి. ప్రధానంగా ఉన్నది ఇంతే. దీనిని హెమింగ్వే ముసలి జాలరి కథతో పోల్చడం పరిపాటి అయింది. ఆ పోలిక తప్పు కాదు కాని కేశవరెడ్డి చేసిన వేరే పనిని కప్పివేస్తున్నది. ముసలివాడికి అడవి కొత్త కాదు. ఏ చప్పుడు ఏ జంతువుదో, గాలి ఎటు మళ్లితే వాసన ఎటు పోతుందో అతనికి తెలుసు. జీవితకాలపు తర్ఫీదు ఉంది. ఆ తర్ఫీదే అతన్ని కాపాడుతుంది, అదే అతన్ని అలసటకు గురి చేస్తుంది, ఎందుకంటే తెలిసినవాడు క్షణం కూడా ఏమరలేడు. దీర్ఘయాత్రల మనోవైద్యం చెప్పే విషయంలో సారం ఇదే: నైపుణ్యం ఉన్నంత మాత్రాన వేసట రాదని కాదు, నిరంతర మెలకువ వేసటకు కారణమవుతుంది. రష్యన్ నిపుణులు ఈ స్థితిని 'అస్తీనియా' అన్నారు: నీరసం, చిరాకు, చెదిరిన నిద్ర కలగలిసిన స్థితి. ఒక రాత్రిని నవల నిడివికి సాగదీయడంలో కేశవరెడ్డి ఎన్నుకున్న శిల్పం ఆ స్థితికి అనువైనది. సంఘటనకూ సంఘటనకూ నడుమ ఎదురుచూపు ఉంది. ఆ ఎదురుచూపులో లెక్కలున్నాయి, తప్పిన లెక్కలున్నాయి, మళ్లీ వేసిన లెక్కలున్నాయి. శీర్షికలోని 'జయించాడు' అన్న మాటను తెల్లవారాక చేతిలో మిగిలినదానితో కాక రాత్రి గడిచిన తీరుతో తూచవలసి ఉంది.

కేశవరెడ్డి వృత్తిరీత్యా కుష్ఠువ్యాధి వైద్యుడు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రిలో పనిచేశారు. ఊరు వెలివేసిన శరీరాలను రోజూ చూసిన వైద్యుడు ఆయన. తెలుగులో 'వెలి' అన్న మాట ఏకాంతానికి సరిగ్గా అవతలి ఒడ్డున ఉంటుంది. నవలలోని ముసలివాడు అడవికి రాకముందే వెలిలో ఉన్నవాడు. అందుకే అడవి అతనికి తపోవనం కాలేదు, సాహసరంగమూ కాలేదు. పని జరగవలసిన చోటు అయింది. ఒంటరితనాన్ని ఉదాత్తం చేయకుండా చెప్పగలగడం ఈ నవల సాధించిన అసలు విజయం. ముసలివాడిని ఋషిగా మార్చడానికి దొరికిన అవకాశాలన్నీ రచయిత వదులుకున్నాడు.

ఈ నిగ్రహం చలనచిత్రంలో కనిపించదు. సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం' (2018) తెలుగులో వ్యోమగామిని నాయకుడిగా నిలిపిన ప్రయత్నం, సాంకేతికంగా శ్రద్ధ ఉన్నది. అయితే అందులో నాయకుడి వ్యథకు మూలం భూమి మీద ముందే ఉంది. అంతరిక్షం దానిని కలిగించదు, తీర్చుకునే వేదిక అవుతుంది. కాలం కూడా సహకరించదు. ఆపదకు గంటలే గడువు. విసుగు పుట్టడానికి కావలసిన వ్యవధి ఆ కథలోనే లేదు.

కాణిపాకానికి మరో ప్రసిద్ధి ఉంది: సత్యప్రమాణం. బయట ఎన్ని చెప్పినా ఆ కోనేట మునిగి వినాయకుడి ఎదుట అబద్ధమాడరని నమ్మకం. ఎదుట మనుషులు తీర్పరులుగా కూర్చున్నచోట నిజం చెప్పడం కష్టమన్న గ్రహింపు ఆ ఆచారంలో ఉంది. వ్యోమగాముల మనఃస్థితి అధ్యయనంలోనూ చిక్కు ఇదే. కుంగుబాటు ఉందని చెబితే మరో యాత్రకు ఎంపిక కాకపోవచ్చు. అందువల్ల అడిగితే బాగున్నామంటారు. మానవశాస్త్రవేత్త జాక్ స్టస్టర్ వేరే దారి పట్టారు. అంతర్జాతీయ కేంద్రంలో ఉన్న పదిమంది రహస్యంగా రాసిన దినచర్యలను ఆధారం చేసుకుని 2010లో నివేదిక ఇచ్చారు. పేర్లు బయటపెట్టని ఆ రాతల్లో పని ఒత్తిడి, ఇంటి నుంచి వచ్చే కబుర్లు, తోటివారితో సర్దుబాటు, తిండి అన్నీ ఉన్నాయి. రాయడం వల్ల మేలు జరిగిందని కూడా చాలామంది చెప్పారు. ద్రౌపదికి వంటశాల ఏదో వారికి ఆ కాగితం అది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఒక రాత్రి అడవిలో గడిపిన ముసలివాడికీ ఏడాదికి పైగా కక్ష్యలో తిరిగిన వ్యోమగామికీ పోలిక ఎట్లా కుదురుతుంది? అజ్ఞాతవాసం కల్పన, మీర్ కేంద్రం వాస్తవం. ఆక్షేపణలో బలం ఉంది. భారం లేని శరీరం, దినానికి పదహారు సూర్యోదయాలు, కుజుడి దూరం నుంచి పలికిన మాట భూమిని చేరడానికే ఒక్కొక్కప్పుడు పట్టే ఇరవై నిమిషాలకు పైబడిన వ్యవధి: వీటికి తిక్కనలో గాని కేశవరెడ్డిలో గాని సాటి లేదు. ముసలివాడు కేక వేస్తే వినేవారు లేకపోవచ్చు కాని కేక తక్షణమే గాలిలో ఉంటుంది. కుజయాత్రికుడు అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసరికి ప్రశ్న పాతబడుతుంది. ఆలస్యంగా వచ్చే ఓదార్పును చెప్పడానికి విరహకావ్యాల మేఘసందేశాలు పనికివస్తాయా అన్నది విడిగా తేల్చవలసిన విషయం. అక్కడ మేఘం జవాబు తెచ్చేవరకు కావ్యం ఆగలేదు. గగనయాన్ బృందానికి ఎంపికైన నలుగురి పేర్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. వారి యాత్ర రోజులలో ముగిసేది. ఆ తరువాతి యాత్రలు నెలలకు సాగితే, వాటి గురించి తెలుగులో రాసేవారి బల్ల మీద వాహననౌక కొలతలతో పాటు విరాటపర్వం ద్వితీయాశ్వాసం కూడా ఉండవలసి వస్తుంది.